లేపుడు కుర్చీ

జూన్ 2

ఈయన అక్కగారు వచ్చి ఈరోజుకి డెబ్బై రెండు రోజులు. పది రోజులని వచ్చింది. నేనేం వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవడం లేదు. హాల్లో గోడమంచం బిగించిన రోజే పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది కాబట్టి తేదీ గుర్తుంది, అంతే. ఆవిడ అద్దెకున్న ఇల్లు కూలగొట్టేశారట. ఆ ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టుకుంటూ ముప్ఫై ఏళ్లు గడిపింది. ఇంకో గది దొరికేదాకా తమ్ముడింట్లో ఉంటుందట. తమ్ముడు సరేనన్నాడు. తమ్ముడు ఎవరికైనా సరేనంటాడు.

వదిన మీద నాకు కోపం లేదు. అది ముందే రాసిపెడుతున్నాను.

కానీ ఇది ఇల్లొక్కటే కాదు, నా కొట్టు కూడా. ఆరువందల అడుగుల్లో మనిషి ఎంత హాయిగా బతకొచ్చో చూపించడమే నా పని. పదింటికి జనం వస్తారు, చూస్తారు, ఇలాంటిదే మాకూ చేసిపెట్టమంటారు. ఇక్కడ ప్రతి వస్తువుకీ రెండు పనులు. మెట్లు లాగితే సొరుగులు. సోఫా వీపు వంచితే భోజనబల్ల. కిటికీ అరుగు ఎత్తితే ఇస్త్రీబల్ల. ఒకే పని చేసే వస్తువుకి ఈ ఇంట్లో చోటు లేదండీ అని నేనంటే అందరూ నవ్వుతారు.

వదిన ఒకే పని చేస్తుంది. కూర్చుంటుంది. తొమ్మిదింటికి మంచం గోడలోకి వెళ్లిపోతుంది కదా, అప్పట్నించీ మూడో మెట్టు మీద. సొరుగు లాగి చూపించాలంటే "వదినా, కొంచెం లేస్తారా" అనాలి. లేస్తుంది. చూపించడం అయ్యాక మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. నోట్లో నాలుక లేని మనిషి. అదే చిక్కు. ఒక్క మాటంటే నేనూ ఒక మాట అనేదాన్ని.

జూన్ 5

ఇళ్ల పత్రికవాళ్లు ఫోన్ చేశారు. ఆగస్టు నాలుగున వచ్చి ఫొటోలు తీస్తారట. ఎనిమిది పేజీలు. ఇన్నేళ్లకి.

ఇంట్లో ఉండేది ఎంతమందని అడిగింది అటుపక్క అమ్మాయి. ఇద్దరమే అన్నాను.

ఈయనకి చెప్పాను. ఆగస్టు లోపల మీ అక్కకి ఏదో ఒకటి చూడమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. చూద్దాం అన్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఈయన మాత్రం ఎవరికీ కోపం రాకుండా పేపరు పట్టుకుని బాత్రూంలోకి వెళ్లిపోతాడు.

జూన్ 9

మళ్ళీ "చూద్దాం".

జూన్ 11

పొద్దున వదిన తనే కదిపింది. అటక మీద పెట్టిన తన కుట్టుమిషన్ దింపి ఏదో ఒక మూల వేసుకుంటే నాలుగు బట్టలు కుట్టుకుంటుందట. రెండు నెలలు తొక్కితే ఒక గదికి సరిపడా తనే చూసుకుంటుందట. పక్కవీధిలో అడిగి కూడా వచ్చిందట, పని ఇస్తామన్నారట.

నల్లటి పాత మిషన్. దాని ఇనపకాళ్లు చూస్తేనే నాకు తలనొప్పి. హాల్లో పెడితే నా ఎనిమిది పేజీలు ఏం కావాలి? ఫొటోలు అయిపోనివ్వండి వదినా, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. సరేనమ్మాయ్ అంది. అక్కాతమ్ముళ్లకి ఆ ఒక్క మాటే నేర్పినట్టున్నారు చిన్నప్పుడు.

ఆ మిషన్ తొక్కే ఈయన్ని చదివించిందంటారు. కాదని ఎవరన్నారు.

జూన్ 14

నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది ఈరోజు. ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు.

హోటళ్లకి కుర్చీలు గీసేవాళ్లం. హోటలువాడికి కావలసింది ఏమిటంటే, వచ్చినవాడు కుర్చీని చూసి ముచ్చటపడి కూర్చోవాలి, తిన్నాక కబుర్లు పెట్టుకోకుండా లేచిపోవాలి. ఎవరూ లెమ్మని అనకూడదు. తనంతట తనకే లేవాలనిపించాలి. మా పెద్దాయన దాన్ని లేపుడు కుర్చీ అనేవాడు. పద్దెనిమిది నిమిషాలు మా గురి. కూర్చునే పలక ముందుకి ఒక్క పిసరు వాలుగా, కంటికి ఆనకుండా. లోతు రెండంగుళాలు తక్కువ. ఎత్తు రెండు వేళ్లు ఎక్కువ, మడమలు నేలకి ఆనకూడదు. వీపుపలక అంచు సరిగ్గా రెక్కెముక కింద. ఇంతే. చూస్తే బంగారంలాంటి కుర్చీ. కూర్చున్నవాడికి ఏమీ తెలియదు, ఇంటికెళ్లాలనిపిస్తుంది.

కాలేజీ కుర్రాళ్లని పిలిచి కూర్చోబెట్టి గడియారం చూసేవాళ్లం. వాళ్లలో ఈయనొకడు. పదహారు నిమిషాలకి లేచి, వెళ్లకుండా నాతో మాట్లాడుతూ నిలబడ్డాడు. మా పరిచయం అదే.

జూన్ 15

వదిన మెట్టు మీద కూర్చోవడం నాకే బాధగా ఉంది. పెద్దావిడకి సొంతంగా ఒక కుర్చీ ఉండాలి కదా. ఈయనతో అన్నాను. చెయ్యి, సంతోషిస్తుంది అన్నాడు.

జూన్ 17

కొలతలు తీశాను. మోకాలి వెనక గుంటనుంచి మడమ వరకు. పిరుదునుంచి మోకాలికి. కూర్చున్నప్పుడు మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో. రెక్కెముక కింద.

టేపు చూడగానే వదిన లేచి నిటారుగా నిలబడింది, గుండీల చొక్కా కుట్టించుకోబోయే పిల్లాడిలా. ఊపిరి బిగబట్టింది. నడుముకొలత కాదు వదినా, ఊపిరి వదలండి అన్నాను. నవ్వేసింది. ఆ తర్వాత అంది,

"ముప్ఫై ఏళ్లు ఊరందరినీ కొలిచాను అమ్మాయ్. నన్ను ఇంతవరకు ఎవరూ కొలవలేదు."

అన్నీ రెండేసి సార్లు కొలిచాను. మామూలు హోటలు కుర్చీకైతే సగటుమనిషి కొలత చాలు. ఇది అలా కాదు. సరిగ్గా రెండు వేళ్లు ఎక్కువ పెట్టాలంటే అసలు కొలత కచ్చితంగా తెలియాలి.

పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, అదేం కాదు ఇది. పనిలో ఇదో ప్రయోగం. ఒకే మనిషి కొలతకి లేపుడు కుర్చీ ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.

జూన్ 24

మేస్త్రి బొమ్మ చూసి పెన్సిలు చెవిమీంచి తీశాడు. ఇరవై ఏళ్లుగా నాకు వడ్రంగం చేస్తున్న మనిషి. వాలు తిరగబడింది మేడం, ముందుకి జారుతుంది అన్నాడు. గీసింది గీసినట్టు చెయ్యమన్నాను. లోతు కూడా చాలదు అన్నాడు. ఇది హోటలుకి అన్నాను. మరి ఇంత నాణ్యమైన టేకు ఎందుకండీ హోటలుకి అన్నాడు. నీకెందుకన్నాను.

అబద్ధం ఆడాల్సిన పని లేదు నిజానికి. ఎందుకు ఆడానో.

జూలై 1

కుర్చీ వచ్చింది.

చెప్పకూడదు గానీ నా చేతిమీదుగా ఇంత అందమైన కుర్చీ ఇంకోటి రాలేదు. సన్నటి కాళ్లు, వీపుపలక ఆకులా వంపు తిరిగి, ఎక్కడా ఒక మేకు కనపడదు. మేస్త్రి స్వయంగా మోసుకొచ్చాడు. హోటలుకి కాకుండా ఇంటికెందుకు తెమ్మన్నానో అప్పటికి అతనికి తెలియదు. కిటికీ పక్కన పెట్టించి వదినని పిలిచాను.

ఆవిడ ముందు చేతులు చీరకి తుడుచుకుంది. చేతిపిడి మీద వేలితో రాసింది. కుట్టు సరిగ్గా పడిందో లేదో బట్టని తడిమి చూసినట్టు చూసింది. కూర్చుంది. మేస్త్రి ఆవిడ మడమల వంక చూశాడు. గాల్లో ఉన్నాయి. తర్వాత నా వంక చూశాడు. పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. మంచినీళ్లు కూడా తాగలేదు.

వదిన కళ్లు తుడుచుకుంది. నాకు చిరాకేసింది. ఒక కుర్చీకి ఏడవడమేమిటి.

సాయంత్రం ఈయన కూడా ఒకసారి కూర్చుని చూశాడు. బాగుంది అన్నాడు.

25 నిమిషాలు కూర్చుంది ఈరోజు.

జూలై 3

40 నిమిషాలు. తగ్గాలి కదా.

జూలై 6

గంటా పది. వాలు ఏమైనా తప్పు పడిందేమోనని ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు కొలిచి చూశాను. ఏమీ తప్పు లేదు. అంతా గీసినట్టే ఉంది.

జూలై 7

మేస్త్రి ఫోన్ ఎత్తడం లేదు.

జూలై 10

అర్థమైంది. జారిపోకుండా కాలివేళ్లు నేలకి తన్నిపెట్టి కూర్చుంటోంది. మిషన్ తొక్కి తొక్కి గట్టిపడ్డ కాళ్లు. పైగా ఇంటికి ఎవరొచ్చినా, వాళ్లు అడగకముందే మొదలుపెడుతుంది: మా మరదలు నా కొలతకి చేసింది, ఒక్క నాకే సరిపోతుంది, ఇంకెవరు కూర్చున్నా కుదరదు అని. ఈరోజు వచ్చినావిడ ముచ్చటపడి ఏదీ చూద్దామని కూర్చుంది. నాలుగు నిమిషాలకి లేచి నిలబడింది. చూశారా, మీకు కుదరదు అని వదిన పొంగిపోయింది.

ఒక మెత్త ఇస్తానన్నాను. నిజంగానే అన్నాను. వద్దంది. అంత అందమైన చెక్కని కప్పెయ్యడం తప్పట.

గంటా నలభై.

జూలై 13

రెండు గంటలు. కూర్చునే నా కోటుకి చేత్తో కుట్లు వేస్తోంది. పత్రికవాళ్లొచ్చిన రోజు వేసుకోవాలని ఒక కోటు కుట్టిపెడుతోందట. నన్ను కొలవలేదు. చూస్తే తెలిసిపోతుందట. వేసుకుని చూశాను, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. వెన్నతో పెట్టిన విద్య అంటారు.

బాగుందని చెప్పాను. బాగానే ఉంది మరి.

జూలై 19

వదిన గోడ పట్టుకుని నడుస్తోంది. వయసు కదా. ఆ వయసులో మా పిన్నికి కూడా నడుంనొప్పి ఉండేది, ఆవిడకి ఏ కుర్చీ చేసిపెట్టారు?

మందు రాసిపెడతాను రమ్మంటే చిన్నపిల్లలా బోర్లా పడుకుంది. రెక్కెముక కింద అడ్డంగా ఎర్రటి గీత. వేలితో రాస్తుంటే వీపుపలక అంచు ఎంత ఉందో గీత అంతే వెడల్పుంది. "ఇంత మంచి కుర్చీలో కూర్చోవడం కూడా చేతకాదు నాకు, అలవాటు లేక" అంది తలగడలోకి.

కుర్చీ పాడైందని చెప్పి తీసెయ్యొచ్చు. ఫొటోలకి ఇంకా పదహారు రోజులు ఉన్నాయి.

తీసెయ్యలేదు.

జూలై 23

పొద్దున లేవలేకపోయింది. తొమ్మిదయింది. మంచం గోడలోకి వెళ్లాలి, మంచం మీద మనిషి ఉంది. పదింటికి వచ్చేవాళ్లకి ఫోన్ చేసి వద్దన్నాను. ఇన్నేళ్లలో నేను వద్దనడం ఇదే మొదటిసారి, ఆ సంగతి కూడా ఎవరూ గుర్తించలేదు.

డాక్టరు ఇంటికే వచ్చాడు. వెన్నులో నరం నలిగిందట. మూడు నెలలు వంగకూడదు, బరువెత్తకూడదు. వదిన ఒక్కటే అడిగింది: మిషన్ ఎప్పట్నించి తొక్కచ్చు అని. మిషన్ మర్చిపొమ్మన్నాడు. ఎన్నాళ్లు అంది. మర్చిపోండమ్మా అన్నాడు మళ్ళీ.

రోజంతా దేనిమీద కూర్చుంటారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది.

"కుర్చీ తప్పు కాదు డాక్టరుగారూ. అది నా కొలతకే చేసింది. నా ఒళ్లే సరిగ్గా లేదు."

డాక్టరు కిటికీ వైపు చూశాడు. చాలా బాగుందండీ, ఎక్కడ కొన్నారు అన్నాడు.

జూలై 24

రాయడానికి ఏమీ లేదు.

జూలై 25

ఈయనకి చెప్పేశాను. ఎందుకు చెప్పానంటే, ఎవరో ఒకరు నన్ను తిట్టాలి. ఈ మూడు రోజులూ ఇంట్లో అందరూ నన్ను మెచ్చుకునేవాళ్లే. వదినైతే సరేసరి. పక్కింటావిడ కూడా, ఆడపడుచుని ఈ రోజుల్లో ఎవరు చూస్తారమ్మా ఇలా అంది. గుమ్మడికాయ దొంగ అనకుండానే భుజాలు తడుముకుంటూ తిరుగుతున్నాను.

వంటగదిలో ఈయన గిన్నెలు తుడుస్తున్నాడు. కుర్చీ సంగతి చెప్పాను. వాలు, లోతు, ఎత్తు, అన్నీ. కావాలని చేశానని చెప్పాను. గిన్నె విసిరికొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

తుడుస్తూనే ఉన్నాడు. తెలుసు అన్నాడు.

ఎప్పట్నించి అన్నాను.

"వచ్చిన రోజే కూర్చున్నాను కదా. లేపుడు కుర్చీ నాకు తెలియకపోవడమేమిటి, నా మీదే కదా చూసుకున్నారు మీరందరూ."

మరి ఎందుకు ఊరుకున్నావన్నాను. గిన్నె దాని చోట్లో పెట్టి, తలుపు మూసి, చాలా నెమ్మదిగా అన్నాడు,

"అక్కని వెళ్లమని నేను ఈ జన్మలో అనలేను. నోటితో నేను అనలేనిది నువ్వు చెక్కతో అన్నావు. నీకు నేనే రుణపడి ఉండాలి."

నా భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి తడిగా ఉంది. పదకొండేళ్లయింది పెళ్లయి, ఈ మనిషి ఇంత సూటిగా ఒక మాట చెప్పడం ఇదే మొదటిసారి వినడం. నేను చెడ్డదాన్నని తెలుసు నాకు. కానీ ఈయన మంచివాడన్న ధీమా మీద ఇన్నాళ్లూ చెడ్డగా ఉండగలిగాను. ఇప్పుడు ఇంట్లో మంచివాళ్లంటే వదిన తప్ప ఎవరున్నారు?

జూలై 27

ఈయన అన్నీ చకచకా చూసేశాడు. ఒంటరి ఆడవాళ్లు ఉండే వసతిగృహం ఒకటి ఉందట, బస్సులో గంట దూరం. ఇన్నాళ్లూ చూద్దాం చూద్దాం అన్న మనిషికి రెండు రోజులు పట్టింది. అక్కడ నర్సు ఉంటుంది, నీ నడుముకి మంచిది అని వాళ్లక్కకి నచ్చచెప్పాడు. వదిన సరే అంది.

నేను మధ్యలో కల్పించుకుని, మిషన్ లేకపోయినా పర్వాలేదు వదినా, ఇక్కడే ఉండండి అందామనుకున్నాను. అనలేదు. నాలుగో తేదీ ఎంతో దూరం లేదు.

జూలై 30

వెళ్లింది.

మిషన్ ఎవరైనా కుట్టుకునే పిల్లకి ఇచ్చెయ్యమంది. తన సామానంతా ఒక్క పెట్టె. కోటు పూర్తిచేసి హాంగరుకి తగిలించింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. ఏదో అడగాలనుకుంటోంది, నోరు రావడం లేదు. ఈయన టాక్సీ వాడితో మాట్లాడుతున్నాడు. ఏమిటి వదినా అన్నాను.

"కుర్చీ తీసుకెళ్లనా అమ్మాయ్? నీకు ఫొటోలకి కావాలంటే వద్దులే."

ఇక్కడే ఉండనివ్వండి అన్నాను. ఆవిడ మొహం ఎలా అయిపోయిందంటే, వెంటనే తీసుకెళ్లండి తీసుకెళ్లండి అన్నాను. టాక్సీ పైన కట్టారు. తాడు చెక్కకి ఒరుసుకుంటుందని తన దుప్పటి తీసి కింద వేయించింది.

ఆగస్టు 4

ఫొటోలు బాగా వచ్చాయి. కోటు ఎక్కడిదని అడిగారు.

ఇంట్లో ఇద్దరే కదండీ అని రాసుకుంటూ మళ్ళీ అడిగింది ఆ అమ్మాయి. ఇద్దరమే అన్నాను. ఇప్పుడది నిజం.

ఆగస్టు 11

ఈయన ఇంట్లో చాలా హుషారుగా ఉంటున్నాడు. పాటలు కూడా.

ఆగస్టు 18

వసతిగృహానికి వెళ్లొచ్చాను. ఈయనకి చెప్పలేదు.

మేస్త్రిని తీసుకెళ్దామంటే అతని మొహం చూసే ధైర్యం లేదు, అతనూ రాడు. చిన్న రంపం ఒకటి నా సంచిలోనే వేసుకున్నాను. వెనక కాళ్లు మూడు వేళ్లు, ముందు కాళ్లు రెండు వేళ్లు కోసేస్తే మడమలు నేలకి ఆనుతాయి, వాలు కూడా పోతుంది. పాలిష్ పెట్టడానికి వచ్చానని చెప్పి అరగంటలో పని కానిచ్చెయ్యచ్చు. సగం పాపమైనా పోతుంది. పాపం అని రాశానా. ఉండనీ.

గది చిన్నదే. ఒక మంచం, ఒక కిటికీ, ఒక చెక్కబీరువా. దేనికీ రెండో పని లేదు. కిటికీ దగ్గర కుర్చీ. వదిన నడుముకి బెల్టు కట్టుకుని అందులో కూర్చుని ఉంది. కాలివేళ్లు నేలకి తన్నిపెట్టి. ఏం వదినా, మంచం మీద పడుకోకుండా అన్నాను. ఓపిక ఉన్నంతలో రోజుకి కాసేపైనా కూర్చుంటుందట.

పాలిష్ సంగతి చెప్పాను. కాళ్లు కూడా కొంచెం సరిచేస్తానన్నాను. పోనీ ఇంకో కుర్చీ చేసి తెస్తానన్నాను, దీనికంటే బాగా. ఆవిడ రెండు చేతులూ చేతిపిడుల మీద వేసి గట్టిగా పట్టుకుంది. ఆవిడ నా మాట కాదనడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"దీన్ని ముట్టుకోకు. ఇక్కడ అందరూ అడుగుతారు అమ్మాయ్, నీకెవరున్నారు అని. నేనేం మాట్లాడను. కుర్చీ చూపిస్తాను."

రంపం సంచి అడుగునే ఉంది. ఆ మాట తర్వాత నిజం చెబుదామని నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది నాకు, నిజంగా వచ్చింది. వదిన దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని నా తల నిమిరింది. అప్పుడిక ఎలా చెప్పను?

ఇంతలో పక్కగది ఆవిడ టీ తెచ్చింది. ఇదివరకు బళ్లో పాఠాలు చెప్పేదట, పొడుగ్గా, కళ్లద్దాలతో. ఇదిగో, చెప్పానే, నా కొలతకి కుర్చీ చేసిన మరదలు ఈ అమ్మాయే అంది వదిన. ఆవిడ మొహంలో వెలుగు చూడలేక టీ వంక చూస్తూ కూర్చున్నాను. టీచరమ్మ నన్ను పైనుంచి కిందదాకా చూసి, మీరేనా అంది. ఆ ఒక్క మాటే అంది.

వచ్చేటప్పుడు టీచరమ్మ వరండా చివరిదాకా నాతో నడిచింది. వదినకి వినపడనంత దూరం వచ్చాక ఆగింది.

"మొన్న ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు నేనూ కూర్చున్నానండీ అందులో."

సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాను.

"ఆవిడకి చెప్పలేదు. మీరూ చెప్పకండి."

చెప్పనన్నాను.